పద్నాలుగో తారీకు థర్డ్ షిఫ్టు

యోనా పగలు పడుకుంటే ఆ ఇంట్లో గిన్నె మీద మూత కూడా చప్పుడు కాకుండా పెట్టాలి. లిడియా పుట్టి పెరిగింది ఆ నిశ్శబ్దంలోనే. తండ్రిది గని లోపల నీళ్లు తోడే పంపు దగ్గర పని. ఊట నీటికి రాత్రీ పగలూ లేదు కనుక ఆయనను ఏళ్ల తరబడి థర్డ్ షిఫ్టుకే వేశారు. రాత్రి పదకొండుకు దిగడం, తెల్లవారి ఏడుకు పైకి రావడం, స్నానం చేసి ఇంత తిని, కిటికీకి పాత దుప్పటి కట్టుకుని పడుకోవడం. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల వరుసలో ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పగలు పడుకునే ఉంటారు. పిల్లలు వీధిలో అరిస్తే "డ్యూటీ మనిషి పండిండు, సప్పుడు చెయ్యకుండ్రి" అని ఏదో ఒక తలుపులోంచి గొంతు వినిపిస్తుంది.

అది జూన్ పదమూడో తారీకు. వానలు పడాల్సిన రోజులే గాని ఎండ ఇంకా దిగలేదు. లిడియా పెరట్లో కుళాయి పక్కన పీట వేసుకుని కూతురు హన్నాకు తలంటుతోంది. నాలుగేళ్ల పిల్ల, తాత లేస్తాడేమోనని నురగలోంచే గుసగుసగా మాట్లాడుతోంది.

"అమ్మా, రేపు బడికి నువ్వే తోలుకపోతవ్ గదా?"

"నేనే."

"తాత గాదు?"

"తాత గాదు. అమ్మమ్మ గాదు. నేనే."

"చెయ్యి పట్టుకోని?"

"చెయ్యి పట్టుకోని. కండ్లు మూస్కో, సబ్బు పోతది."

వారం నుంచి ఇదే ప్రశ్న. ఆ పిల్లకు బడంటే భయం లేదు. తల్లి మాట మీదే నమ్మకం తక్కువ. రెండేళ్ల కిందట "గిప్పుడే వస్త" అని చెప్పి లిడియా మస్కట్ వెళ్లింది మరి. అక్కడ ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలామెను చూసుకునే పని. రెండేళ్లకు నెల రోజులు సెలవిచ్చారు. వచ్చిన మొదటి రాత్రి హన్నా తొమ్మిదింటికి అమ్మమ్మ కొంగు పట్టుకుని "అమ్మకు ఫోన్ చెయ్యి" అని పేచీ పెట్టింది. లిడియా పక్కనే కూర్చుని ఉంది. అయినా పిల్ల వినలేదు. రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోన్లో ఉండాలి, అది రోజూ జరిగే పని. చివరికి లిడియా పక్క గదిలోకి వెళ్లి ఫోన్ చేసి మాట్లాడితే గాని నిద్రపోలేదు. నాలుగైదు రోజులకు ఆ అలవాటు తప్పింది. ఇప్పుడు తల్లి జడ వేలికి చుట్టుకుని పడుకుంటోంది.

ఈ నెల రోజుల్లో లిడియా ఒక్క రాత్రి కూడా నిండుగా పడుకోలేదు. మస్కట్‌లో ముసలామెను రాత్రి లేచి లేచి పక్కకు తిప్పాలి. ఆ అలవాటు ఇక్కడ కూడా అదే వేళలకు ఆమెను లేపేది. లేచి చీకట్లో ఎవరిని తిప్పాలో తెలియక కాసేపు కూర్చునేది. పగలు చుట్టాలు. ఒకచోట పెళ్లి, ఒకచోట బాప్తిస్మం, ఒకచోట చావు పరామర్శ. వెళ్లకపోతే "మస్కట్ సబ్బులు మాకు పట్టయా?" అని దెప్పుళ్లు. సబ్బులూ అత్తరు సీసాలూ పంచి పంచి ఖాళీ అయిన సూట్‌కేసులో ఇప్పుడు మామిడికాయ తొక్కు, కారప్పొడి, అప్పాలు ఎక్కాయి.

మళ్లీ రెండేళ్లు వెళ్లక తప్పదు. ఈ ఏడు చివర యోనా రిటైరవుతాడు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. రామగిరి దారిలో కొన్న జాగాలో గోడలు కిటికీల ఎత్తుకు లేచి ఆగిపోయాయి. లిడియా భర్త గిడియోన్ కిరాయి కారు నడుపుతాడు. ఆ రాబడి తిండికి సరిపోతుంది గాని పైకప్పుకు సరిపోదు.

అందుకని ఇంట్లో అందరూ కూర్చుని ముందే అన్నీ కుదుర్చుకున్నారు. పదమూడు సాయంత్రం ఇంట్లో ప్రార్థన, పాస్టరయ్య వస్తాడు, వరుసలోని వాళ్లందరికీ బగారన్నం. పద్నాలుగు పొద్దున హన్నాను లిడియా బడిలో దింపుతుంది. పద్నాలుగు మధ్యాహ్నం గిడియోన్ కారులో అందరూ హైదరాబాద్ వెళ్తారు. రాత్రి ఒంటిగంట దాటాక విమానం.

ఆ విమానం సంగతి యోనాకు భలే ఇష్టం. నెల మొదట్లో ఒకరోజు చాయ్ తాగుతూ ఫోన్లో చూపించమన్నాడు. హైదరాబాద్ నుంచి మస్కట్‌కు రెండు వేల రెండు వందల కిలోమీటర్లు అని ఉంది.

"ఒంటిగంట పదికి లేస్తది, మూడింటికి దిగుతది అంటున్నవ్. అంటే రెండు గంటలు గూడ కాదు. రెండు వేల కిలోమీటర్లు! నేను ల్యాంప్ రూంల లైటు తీస్కోని పంపు కాడికి నడిచేతందుకే గంట పడుతది గదనే."

"రెండు గంటలు కాదు బాపూ, మూడు గంటల మీదనే. ఆడ గడియారం మనకంటె గంటన్నర ఎనుక ఉంటది."

"మరి ఆ గంటన్నర ఎవలు తీస్కుంటరు?"

"ఎవలు తీస్కోరు. పోయేటప్పుడు ఇస్తరు, వచ్చేటప్పుడు కట్ చేస్తరు."

"అగో, మా ఓవర్ టైం లెక్కనే!" అని యోనా మోకాలు చరుచుకుని నవ్వాడు.

ఆ గంటన్నర లిడియాకు నవ్వులాట కాదు. హన్నా పడుకునే తొమ్మిది అక్కడ ఏడున్నర. అప్పుడే ముసలామెకు రాత్రి భోజనం చెంచాతో తినిపించాలి. ఒక చేత్తో చెంచా, ఒక చేత్తో ఫోన్. రెండేళ్లూ కూతురితో మాట్లాడింది ఆ చెంచాకూ చెంచాకూ మధ్యనే.

గట్టు మీద పెట్టిన ఫోన్ టింగుమంది. లిడియా చేతులు చీరకు తుడుచుకుని చూసింది. విమానం కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెసేజ్. ఇంటర్ దాకా చదివింది కనుక అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. మీ ప్రయాణానికి సమయం దగ్గరపడింది, సీటు ఖాయం చేసుకోండి, జూన్ పద్నాలుగు, ఒంటిగంట పది.

మొదట వాళ్లే పొరపాటు పంపారనుకుంది. ప్రయాణం రేపు కదా, ఇవాళే ఎందుకు తొందర? మళ్లీ చదివింది. తడి వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. పద్నాలుగో తారీకు మొదలయ్యేది ఈ రాత్రి పన్నెండు కొట్టగానే. దాని తర్వాత గంటకు విమానం. అంటే రేపు రాత్రి కాదు, ఈ రాత్రే.

ఇంట్లో ఒక్కరికి కూడా తట్టలేదు. తట్టదు కూడా. ఆ ఇంట్లో తారీకు మారేది పన్నెండింటికి కాదు. యోనా పదమూడున రాత్రి గనిలో దిగితే, తెల్లవారి పైకి వచ్చేదాకా అది పదమూడే; మస్టర్‌లో హాజరు కూడా పదమూడుకే పడుతుంది. కాబట్టి పద్నాలుగు, రాత్రి ఒంటిగంట అనగానే అందరికీ పద్నాలుగో తారీకు థర్డ్ షిఫ్టే కళ్లముందు కనిపించింది. పోయినసారి ఏజెంటు పదిమందితో కలిపి బస్సులో తీసుకుపోయాడు, తారీకు చూసుకునే పని ఆమెకు పడలేదు. ఈసారి టికెట్ చూసి ఇంట్లో చెప్పింది తనే. చెప్పిన తనూ ఆ ఇంట్లో పుట్టిందే.

"అమ్మా, కండ్లల్ల సబ్బు!"

లిడియా ఉలిక్కిపడి నీళ్లు పోసింది. తల తుడిచింది. లోపలికి వెళ్లి చెప్పాలి. చెబితే రెండు మూడు గంటల్లో బయలుదేరాలి. ఖని నుంచి శంషాబాద్‌కు ఐదున్నర గంటల దారి. అంటే రేపు పొద్దున బడి లేదు, చెయ్యి పట్టుకోవడం లేదు.

లోపలికి వెళ్లింది. తల్లి రాజకుమారి చాటలో బియ్యం చెరుగుతోంది. పక్క క్వార్టర్ సమ్మవ్వ గోడకు ఆనుకుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. లిడియా చెప్పలేదు. కూతురికి బట్టలు తొడిగింది.

"ఎవలిది ఫోన్ మోగింది?" అడిగింది రాజకుమారి, చాటలోంచి తల ఎత్తకుండా.

"ఏం లేదమ్మా. కంపెనీ మెసేజ్."

మాట అబద్ధం కాదు. లిడియా కూర్చుని తనూ ఎల్లిపాయలు అందుకుంది. ఏమీ చెప్పకపోతే ఏమవుతుంది? విమానం పోతుంది. రేపు మధ్యాహ్నం ఎవరో ఒకరు ఫోన్ చూసి కనిపెడతారు. తప్పు ఇంటిల్లిపాదిదీ, ఎవరూ ఆమెను అనరు. ఈ రాత్రి హన్నా ఆమె జడ వేలికి చుట్టుకుని పడుకుంటుంది. తనూ ఒక్క రాత్రి, ఎక్కడికీ లేవకుండా, నిండుగా పడుకుంటుంది. పొద్దున బడికి తీసుకుపోతుంది. ఇంకేం కావాలి?

కాని పని పోతుంది. మస్కట్ ఇంటామె చెప్పే పంపింది. లిడియా విమానం దిగిన పొద్దునే ఆమె తన కూతురి కాన్పుకని వేరే ఊరు వెళ్లాలి. ఆ పొద్దుటికి లిడియా రాకపోతే ఏజెంట్లు మరో మనిషిని పంపిస్తారు. పని పోతే గోడలు అక్కడే ఆగుతాయి, రాబోయే వానకు తడుస్తాయి.

"పిల్లా, ఎల్లిపాయ పారేసి పొట్టును గిన్నెల ఏస్తున్నవ్," అంది సమ్మవ్వ. "మనిషివి ఈడున్నవ్, పాణం అప్పుడే మస్కట్ పోయిందా?"

"నిద్ర లేదు పెద్దమ్మా."

"నిద్ర విమానంల పోదువు గని. మెత్తటి కుర్చీలంట గదా. నా మొగడు బతికున్నప్పుడు నన్ను పెద్దపల్లి దాటనియ్యలె. నీ మొగడు నయం, మీ ఇంటికి ఇల్లుటం వచ్చి పెండ్లాన్ని సముద్రం దాటిచ్చిండు."

రాజకుమారి నవ్వింది. లిడియా కూడా నవ్వింది, ఆలస్యంగా.

గది తలుపు తెరుచుకుంది. యోనా బనియన్‌తో, నలిగిన మొహంతో వచ్చాడు. కనురెప్పల అంచున కడిగినా పోని బొగ్గు గీత కాటుకలాగా ఉంటుంది ఆయనకు. ప్రార్థన ఉంది కదా అని ఇవాళ జల్దీ లేచాడు. రాజకుమారి చాయ్ ఇచ్చింది. గడప మీద కూర్చుని మనవరాలిని ఒడిలోకి లాక్కున్నాడు.

లిడియా అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. బహుశా ఆయనే కనిపెట్టి చెబితే తను చెప్పే పని తప్పుతుందనేమో.

"బాపూ, థర్డ్ షిఫ్టుకు మస్టర్ ఏ తారీకున పడుతది?"

"ఏ తారీకున దిగితే గా తారీకే. నేను ఇయ్యాల దిగుత. రాత్రి రెండు గానీ, నాలుగు గానీ, పదమూడే. సూర్యుడు పొడిస్తేనే పద్నాలుగు."

"సూర్యుడు గూడ కంపెనీ మనిషేనా యోనన్నా?" అంది సమ్మవ్వ.

"కాక మరి? ఫస్టు షిఫ్టు గదా." యోనాకు హుషారు వచ్చింది. "నువ్వు పుట్టింది గూడ గట్లనే బిడ్డా. దవాఖానల రాత్రి మూడింటికి పుట్టినవ్. వాళ్లు ఇరవై రెండు అని రాసిన్రు. నేనన్న, సిస్టరమ్మా, గిది ఇరవై ఒకటి థర్డ్ షిఫ్టు అని. గామె నవ్వి నవ్వి సూది కింద పడేసింది."

అది నిజం. బడిలో లిడియా పుట్టినరోజు ఇరవై రెండు, ఇంట్లో ఇరవై ఒకటి. చిన్నప్పుడు రెండు పుట్టినరోజులు ఉన్నాయని తోటిపిల్లల దగ్గర గొప్పలు చెప్పుకునేది. యోనాకు ఇంకా తట్టలేదు. తట్టే జాడ కూడా లేదు.

"రేపటికి సెలవు దొరికిందా?" రాజకుమారి అడిగింది.

"దొరికింది. రేపు థర్డ్ షిఫ్టుకు నా బదులు కిషన్ వస్తనన్నడు. నేను మంచిగ విమానం కాడి దాక వస్త. ఇయ్యాలైతే నేనే దిగాలె, వాడు ఊర్ల లేడు."

"ఇయ్యాల గూడ ఎగ్గొట్టరాదు? ప్రార్థన అయ్యేసరికే పొద్దుపోతది."

"ఎట్ల ఎగ్గొడుత? రిలీవర్ రాంది పంపు ఇడువద్దు. పోయిన వానకాలం వాడు రాకుంటె రెండు షిఫ్టులు కిందనే ఉన్న గదా."

"తిండి లేక," అంది రాజకుమారి.

"తిండి సంగతి పక్కన పెట్టు. నేను అలసిన అంటె నీళ్లు ఆగుతయా? నేను ఎక్కి వస్తె, అవతల బొగ్గు కాడ ఉన్నోళ్ల కాళ్ల కిందికి వస్తయి. ఎవలన్న వచ్చి నీ చేతులకెల్లి తీసుకునేదాక మనిషి లేవద్దు. గంతే."

ఆయన గొప్పగా ఏమీ చెప్పలేదు. చాయ్‌లో పడ్డ చీమను వేలితో తీస్తూ అన్నాడు. లిడియా చేతిలో ఎల్లిపాయ అలాగే ఉండిపోయింది. రేపు పొద్దున ఆ మస్కట్ ఇంటామె బ్యాగు సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, వీధి వైపు చూస్తూ. లోపల మంచం మీద ముసలామె. ఆమె లిడియా చెయ్యి పట్టుకుంటే గాని నిద్రపోదు. మాట సరిగా రాదు, పేరును 'లిదా' అంటుంది. పిల్లల్లాగే. తెలియని మనిషి వస్తే నోరు తెరవదు, అన్నం మింగదు. ఈ నెలకు పెట్టిన బదిలీ మనిషి చేతిలో ముసలామె సగానికి సగం చిక్కిపోయిందని ఇంటామె వీడియోలో చూపించింది.

ఇక్కడ హన్నాకు అమ్మమ్మ ఉంది, తాత ఉన్నాడు. ఆ మాట అనుకోగానే లిడియాకు తన మీద తనకే కోపం వచ్చింది. కాని అబద్ధం కాదు.

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. రోజూ రెండింటికి అవుతుంది. నేల ఒక్కసారి అదిరి అటక మీద గిన్నెలు గలగలమన్నాయి, కప్పు నుంచి సున్నం రాలి బియ్యంలో పడింది. సమ్మవ్వ ఊదుతూ కూర్చుంది. ఎవరూ తల కూడా తిప్పలేదు.

"బాపూ," అంది లిడియా. "విమానం రేపు కాదు. ఈ రాత్రికే."

యోనా నవ్వుతూనే చూశాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండి మెల్లగా పోయింది. లిడియా ఫోన్ చూపించి విడమరిచి చెప్పింది. ఆయన పూర్తిగా వినలేదు, మధ్యలోనే అర్థమైపోయింది. తారీకు పన్నెండింటికి మారుతుందని ఆయనకు తెలియక కాదు.

"అయ్యో దేవా," అన్నాడు. "ముప్పై ఏండ్లు రాత్రిళ్లు పనిచేసి తారీకు గూడ పాడు చేసుకున్న."

"నీది కాదు బాపూ తప్పు. టికెట్ చూసింది నేనే. నేను గూడ నీ ఇంట్లనే పుట్టిన గదా."

ఆ తర్వాత ఇల్లు ఆగమాగం అయింది. గిడియోన్‌కు ఫోన్ చేస్తే పెద్దపల్లి స్టేషన్‌లో సవారీ దింపుతున్నాడు. మొదట నమ్మలేదు, తర్వాత "గంటల ఉంట" అని కట్ చేశాడు. రాజకుమారి బియ్యం చాట పక్కన పెట్టి సూట్‌కేసు మీద కూర్చుంది, మూత పడటానికి. పాస్టరయ్య మంథని వెళ్లాడు, సాయంత్రం గాని రాడు. సమ్మవ్వ గుమ్మంలో నిలబడి, సొంత బిడ్డను సాగనంపినట్టే కళ్లు తుడుచుకుంటూ కూడా ఊరుకోలేదు.

"మన బతుకులకు విమానం గూడ థర్డ్ షిఫ్టుదే దొరుకాల్నా బిడ్డా? గీ ఖనోళ్లకు ఫస్టు షిఫ్టు విమానం లేనే లేదా?"

ఆ హడావిడిలో రాజకుమారి కూతురి దగ్గరికి వచ్చి, చీర మడత సరిచేస్తున్నట్టు వంగి, నెమ్మదిగా అడిగింది. "మెసేజ్ ఎప్పుడొచ్చింది?"

"గిప్పుడే."

తల్లి ఆమె మొహం చూసింది. ఫోన్ మోగినప్పుడు పొయ్యి మీద పెట్టిన పప్పు ఉడికి దించి కూడా చాలాసేపు అయింది. రాజకుమారి మడత సరిచేసి వెళ్లిపోయింది.

హన్నా గోడ పక్కన నిలబడి అందరినీ చూస్తోంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. అయినా తెలిసినట్టే ఉంది. కొత్త బడి సంచి రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

లిడియా ఆమె ముందు గొంతుక్కూచుంది. రేపు రాలేనని చెప్పడానికే కూర్చుంది. చెప్పడానికి నోరు తెరిచి వేరే మాట అంది.

"హన్నా, బడికి పోదామా?"

"రేపు గదా?"

"ఇయ్యాలనే. గిప్పుడే. చెయ్యి పట్టుకోని."

కొత్త యూనిఫారం తొడిగింది. గౌను మోకాళ్ల కింద దాకా వచ్చింది. ఏడాదంతా నడవాలని పెద్దది కొన్నారు. తడి జుట్టుకు రిబ్బన్లు నిలవలేదు. యోనా కూడా చొక్కా వేసుకుని, పిలవకుండానే వెనక నడిచాడు. కాలనీ చివర బడి, నడిస్తే ఎంతో దూరం లేదు. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లిడియా మెల్లగా నడిచింది. పిల్ల మాత్రం తల్లి చెయ్యి ఊపుతూ తొందరపెట్టింది.

యమున టీచర్ చిన్నపిల్లల గదిలో ఉంది. సగం మంది బల్లల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు.

"రేపు కదండీ చేరుస్తామన్నది?" అంది.

"రేపు నేనుండ టీచర్. ఒక్క పది నిమిషాలు కూసుండనిస్తరా?"

టీచర్ లిడియా మొహం చూసింది, వెనక నిలబడ్డ యోనాను చూసింది. ఈ కాలనీలో పనిచేసే మనిషి, ఎక్కువ అడగలేదు. కిటికీ పక్క బల్ల చూపించింది. హన్నా వెళ్లి కూర్చుంది. సంచి తీసి ముందు పెట్టుకుంది. పక్కనున్న పిల్లాడు నిద్రలోనే కాస్త జరిగాడు. ఆమె వెనక్కి తిరిగి తల్లి ఉందో లేదో చూసింది, ఉంది. మళ్లీ తిరిగి చూసింది. మూడోసారి చూడలేదు, టీచర్ ఇచ్చిన రంగు సుద్దముక్కతో పలక మీద ఏదో గీయడంలో పడింది.

లిడియా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కాళ్లు లాగుతున్నాయి. గదిలో ఫ్యాన్ తిరిగే చప్పుడు, పిల్లల ఊపిరి. అలాగే నిలబడి కళ్లు మూతలు పడుతుంటే తెరుచుకుని చూసింది, మూతలు పడుతుంటే తెరుచుకుని చూసింది.

బయట గిడియోన్ కారు వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు.

బడి మెట్లు దిగుతూ హన్నా సంతోషంగా అంది. "మంచిగున్నది. రేపు గూడ గిట్లనే తోలుకరావాలె. చెయ్యి పట్టుకోని."

లిడియా మెట్టు మీద ఆగిపోయింది. ఇవాళ తీసుకొస్తే రేపటి బాకీ తీరుతుందనుకుంది. పిల్లకు ఇవాళ్టిది ఇవాళ్టిదే, రేపటిది రేపటిదే.

"రేపు అమ్మ ఉండదు బిడ్డా. మస్కట్ పోత. పనికి," అంది. ఈసారి గిప్పుడే వస్తనని అనలేదు. "మల్ల వానలు రెండుసార్లు పోయినంక వస్త."

పిల్ల ఏడవలేదు. ఆలోచించింది. "మరి రేపు?"

"నేను వస్త," అన్నాడు యోనా వెనక నుంచి.

"నువ్వు డ్యూటీ దిగి పండుకుంటవ్ గదా తాతా?"

"పండుకోను. గని నుంచి సీదా ఇంటికొచ్చి నీకు జడలేస్త. నిన్ను ఈడ దింపినంకనే పండుకుంట. రోజూ."

"నీకు జడలు రావు."

"నేర్చుకుంట తియ్యి. పంపు నేర్చుకోలేదా?"

ఆయన మనవరాలితో మాట్లాడుతున్నాడు గాని లిడియా వైపు చూడలేకపోతున్నాడు. ఆమె వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఎండలోనే, బడి గోడ పక్కన నిలబడి, పాస్టరయ్య చేయాల్సిన ప్రార్థన ఆయనే చేశాడు. పొడుగు మాటలు రావు ఆయనకు. "ప్రభువా, పోయే దారిల, వచ్చే దారిల తోడుండు. ఎవల రిలీవర్ వాళ్లకు జల్ది పంపు. ఆమెన్," అన్నాడు. ఆ రాత్రి విమానం లేచే వేళకు తను నేల కింద పంపు పక్కన ఉంటాడు. అక్కడికి ఏ ఫోనూ రాదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

ఇంటి ముందు రాజకుమారి సూట్‌కేసు కారులో పెట్టించి, స్టీలు డబ్బాలో అన్నం పప్పు కట్టి ఒడిలో పెట్టింది. రేపు పొద్దున హన్నాకు బడి ఉంది కనుక అమ్మమ్మా మనవరాలూ ఇంటి దగ్గరే ఆగారు. కారు కదిలింది. అద్దంలోంచి చూస్తే హన్నా తాత చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి ఆ చెయ్యి ఊపడం మొదలుపెట్టింది, ఇందాక తల్లి చెయ్యి ఊపినట్టే.

గిడియోన్‌కు మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి. నెల రోజుల్లో చుట్టాల మధ్య ఇద్దరికీ తీరిక దొరకలేదు. కిటికీలు ఏ చెక్కతో పెట్టించాలి, మెట్లు ఏ వైపు, హన్నాకు ఫీజు. ఐదున్నర గంటల దారి, తర్వాత మూడు గంటల పైచిలుకు ఆకాశం. ఆకాశంలో తను ఉండడు కనుక చెప్పాల్సినవన్నీ రోడ్డు మీదే చెప్పాలని దారిలో లెక్క వేసుకుని వచ్చాడు.

"లిడియా, మెట్ల సంగతి..." అని మొదలుపెట్టి పక్కకు చూశాడు.

ఆమె తల కిటికీకి వాలిపోయింది. ఒడిలో డబ్బా మీద చేతులు అలాగే ఉన్నాయి. వేళ్లు మాత్రం ఎవరినో పక్కకు తిప్పుతున్నట్టు ఒకసారి కదిలి ఆగాయి. పవర్‌హౌస్ పొగగొట్టాలు ఇంకా వెనక కనిపిస్తూనే ఉన్నాయి.

గిడియోన్ కారులో వస్తున్న పాట ఆపేశాడు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర, కడుపుతో ఉన్న మనిషిని తీసుకుపోతున్నట్టు నడిపాడు. బసంత్‌నగర్ టోల్‌గేట్ దగ్గర బండ్లు ఆగాయి. నేరేడు పండ్లు అమ్మే ఒక ముసలామె గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, లిడియా వైపు అద్దం మీద వేలితో కొట్టబోయింది. గిడియోన్ గబుక్కున తన వైపు నుంచి వంగి, వద్దని చెయ్యి ఊపాడు.

"సప్పుడు చెయ్యకు అవ్వా," అన్నాడు గొంతు తగ్గించి. "డ్యూటీ మనిషి పండింది."